తెరిపిచ్చిన మొదటి రోజు

చిరంజీవి శీనుకి, మామయ్య ఆశీస్సులు.

ఫిబ్రవరిలో గుల్మార్గ్ పోతున్నావంట, మీ అమ్మ చెప్పింది. పోయినేడు మొదటి కోర్సు అయింది కాబట్టి ఈసారి గొండోలా, అదే తీగల మీద నడిచే బండి, రెండో దశ ఎక్కి అఫర్వత్ కొండ మీంచి స్కీల మీద దిగాలని నీ స్నేహితులంతా అనుకుంటున్నారని కూడా చెప్పింది. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్లోడు అంత ఎత్తుకి పోతున్నాడంటే గర్వంగానే ఉందిరా అబ్బయ్యా. బెంగగా కూడా ఉంది. ఫోన్లో చెబితే ఊ కొట్టి వదిలేస్తావు, అందుకే రాస్తున్నా.

మనకి వానంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం. అక్కడ ఆ లెక్క చెల్లదు. కాశ్మీరుకి చలికాలపు మంచు పడమటి నుంచి వస్తుంది. మధ్యధరా సముద్రం వైపు పుట్టిన వెస్టర్న్ డిస్టర్బెన్సులు, అంటే వాన మంచు తెచ్చే అల్పపీడనాలు, ఎత్తులో వీచే గాలుల్లో కొట్టుకొచ్చి, పీర్ పంజాల్ కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి కురుస్తాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఒకటి రావడం, ఒకట్రెండు రోజులు కురిసి తెరిపివ్వడం, మళ్ళీ ఇంకొకటి రావడం. వచ్చే ముందు ఎత్తులో పీచు మబ్బు పడుతుంది, రాత్రి చలి కాస్త తగ్గుతుంది. మబ్బు కప్పితే నేల వేడి పైకి పోదు, అందుకు. చలి తగ్గింది గదా, ఇక బాగుపడిందని మాత్రం అనుకోవద్దు.

వాతావరణ శాఖ 10 మిల్లీమీటర్లు అందంటే అది నీళ్ళ లెక్క. మంచుగా సుమారు 10 సెంటీమీటర్లు, చలి గట్టిగా ఉంటే పొడి మంచుగా 15 దాకా కూడా పేరుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది. గుల్మార్గ్ ఊరు 2,650 మీటర్లు, గొండోలా పై స్టేషను 3,950 దగ్గర. కింద మైనస్ మూడుంటే పైన మైనస్ పదకొండు, ఆ పైన గాలి. శ్రీనగర్‌లో వాన పడే రోజున కూడా పైన మంచే పడొచ్చు.

తేదీని నమ్మొద్దు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు కాశ్మీరులో గడ్డు చలి, దాన్ని చిల్లై కలాన్ అంటారు, అప్పుడు మంచు ఖాయమని అందరూ చెబుతారు. 2024లో జనవరి నెలాఖరు దాకా గుల్మార్గ్‌లో చెప్పుకోదగ్గ మంచే పడలా. 2025లో అక్కడ ఫిబ్రవరిలో పెట్టిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు లేక మార్చికి జరిపారు. అందుకని తేదీ మార్చుకోగలిగే టికెట్టే తీసుకో. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా పెట్టుకో, మంచు పడితే విమానాలు ఆగిపోతాయి.

నా భయం చలి గురించి కాదు. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, మూడో రోజు పొద్దున ఆకాశం నీలంగా తేరుకుంటుంది చూడు, నా భయమంతా ఆ పొద్దు గురించే. కొత్త మంచు మీద మొదటి గీత నేనే గీయాలని గొండోలా దగ్గర ఒకరినొకరు తోసుకుంటారు. కురవడం ఆగింది కాబట్టి ముప్పు పోయిందనుకోవడం ఏళ్ళ తరబడి జనం చేస్తున్న తప్పు.

కారణం అడుగున ఉంటుంది. డిసెంబరులో అడుగు లోపు పలచగా మంచు పడి, తర్వాత వారాల పాటు మబ్బు లేని రాత్రులు వచ్చాయనుకో. నేలనంటిన మంచు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పై పొర మైనస్ పదిహేనుకి పోతుంది. ఆ తేడాకి కింది మంచు ఆవిరై పైకి పాకి పెద్ద పెద్ద పలుకులుగా మళ్ళీ గడ్డకడుతుంది. ఇస్కపల్లి కొఠార్లలో కల్లుప్పు గుప్పిట్లో ఎంత పిసికినా ముద్ద కాదు గదా, ఆ పొర కూడా అట్టాగే దేన్నీ అంటుకోదు. దాని మీద జనవరి చివర్లో ఒక్కసారిగా మూడడుగులు పడితే పైన బరువైన పలక, కింద పట్టులేని పొర. ఒక్క మనిషి బరువుకే పగులు పక్కలకు పాకి పలకంతా కదిలిపోవచ్చు. ఇది చాలదని గాలి ఒకటి. శిఖరానికి అవతల మంచు ఎత్తి ఇవతల పోస్తుంది, ఆకాశం తేటగా ఉన్నా గంటల్లో అడుగుల లెక్కన పేరుతుంది. మంచు చరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మీ కుర్రాళ్ళకు సరదా పుట్టించేది కూడా ఆ వాలే.

2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ పైనున్న ఖిలన్‌మర్గ్ దగ్గర శిక్షణలో ఉన్న జవాన్లు పదిహేడు మంది చరియ కింద పోయారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ వాళ్ళు. 2024లో ఎండిన జనవరి తర్వాత ఒక్కసారిగా మంచు పడింది, ఫిబ్రవరి 22న రష్యా అతను పోయాడు. ఇవన్నీ నిన్ను బెదిరించడానికి రాయడంలేదు నాయనా. నువ్వు ఇల్లు చేరాలి, అంతే.

కాబట్టి పెద్ద మంచు ఆగాక కనీసం ఒక రోజు, గాలి వీస్తుంటే రెండు రోజులు, గొండోలా మొదటి దశ ఆగే కొంగ్‌డూరి దాటి పోవద్దు. స్కీ పెట్రోల్, అంటే వాలు మీద కాపలా కాసే వాళ్ళు, తెరిచిన హద్దు లోపలే ఉండు. పొద్దున్నే మంచు చరియల ముప్పు చెప్పే రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ వాళ్ళ సూచన చూడు. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి. మూడంటే నడి మధ్యన ఉందిలే అని తేలిగ్గా తీసుకోవద్దు, మూడు రోజున కూడా చాలామంది పోతున్నారు. కాళ్ళ కింద 'ధుప్'మని మంచు కుంగిన చప్పుడైనా, స్కీ ముందు పగులు పరిగెత్తినా ఆ వాలు వదిలేసి వెనక్కి రా. స్నేహితులు పిరికివాడంటే అననీ.

హద్దు దాటేదుంటే గైడు తప్పనిసరి. కూరుకుపోయిన మనిషి జాడ తెలిపే సిగ్నల్ యంత్రం ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ ప్రోబ్, తవ్వే పార మనిషికొకటి ఉండాలి. మూడిట్లో ఏది లేకున్నా మిగతా రెండూ దండగే. ట్రాన్సీవరుకి ఫోను ఒక జానెడైనా దూరంగా ఉండాలి, వెతికేటప్పుడు ఇంకా దూరం. దిగేటప్పుడు ఒక్కొక్కరే దిగండి, మిగతావాళ్ళు కళ్ళార్పకుండా చూడండి. కూరుకుపోయిన మనిషిని పది పదిహేను నిమిషాల్లోపు తియ్యాలి, ఆ తర్వాత ఆశ వేగంగా తగ్గిపోతుంది. బయటి సాయం వచ్చేసరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. కిందనే ఒక ట్రాన్సీవరును మంచులో పాతిపెట్టి వెతకడం రెండుసార్లు సాధన చెయ్యండి. రాకపోతే గైడును అడుగు, అడగడానికి సిగ్గుపడ్డావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

ఒంటికి ఉన్ని బట్టలు, నూలు వద్దు. నల్లద్దాల గాగుల్స్ తియ్యొద్దు. తంగ్‌మర్గ్ నుంచి పైకి గొలుసులు కట్టిన బండే ఎక్కు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ చేయించుకో. గదిలో బుఖారీ, అదే కట్టెల పొయ్యి గానీ గ్యాస్ హీటరు గానీ పెడితే కిటికీ కాస్త తెరిచి ఉంచి, పడుకునే ముందు ఆర్పెయ్. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గ్యాసుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దుప్పటి ఇంకొకటి అడిగి తీసుకో.

కొండ దిగాక సాయంత్రం మీ అమ్మకి ఒక ఫోను, నాకు ఒక మెసేజీ పెట్టు. రేపటి అంచనా ఎంతో, ముప్పు అంకె ఎంతో అందులో రాయి.

మీ మామయ్య
కందుకూరు