ఏఎన్‌ఏ నెగటివ్, యాంటీ-రో పాజిటివ్: రెండూ నిజమే కావచ్చు

ఏఎన్‌ఏ (కణ కేంద్రకంలోని పదార్థాలపై ఉండే యాంటీబాడీలను వెతికే రక్తపరీక్ష) నెగటివ్, యాంటీ-రో (రో అనే ప్రోటీన్లపై ఉండే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చాయి, ల్యాబ్ పొరపాటా అని అడిగారు కదండీ. కానక్కర్లేదు. ఆ రో ప్రోటీన్లలో ఒకటైన రో60 ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే ప్రోటీన్. ఉంగరంలా ఉంటుంది, సరిగ్గా మడతపడని ఆర్‌ఎన్‌ఏ కొస దాని రంధ్రంలోకి దూరుతుంది. ఏఎన్‌ఏ పరీక్షకు స్లైడ్ మీద వాడే హెప్-2 కణాల్లో ఇది ఉండేదే తక్కువ, పైగా స్లైడ్‌ను ఆల్కహాల్‌తో ఫిక్స్ చేస్తే కొంత కొట్టుకుపోతుంది. అందుకే ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో (యాంటీబాడీ అంటుకున్న చోటు వెలిగేలా చేసే ఏఎన్‌ఏ పద్ధతి) వెలుగు కనిపించకపోవచ్చు.

లైన్ బ్లాట్‌లో (ఒక్కో ప్రోటీన్‌కు ఒక్కో గీత ఉండే పట్టీ పరీక్ష) రో60, రో52 విడివిడిగా చూడమనండి. రో52 పూర్తిగా వేరే ప్రోటీన్. రెండూ కలిపి ఎస్‌ఎస్‌ఏ (రోకు మరో పేరు) అని రాస్తే సగం సంగతే తెలుస్తుంది.

కళ్ళు, నోరు ఎండిపోతుంటే రుమటాలజిస్టుకు (కీళ్ళ, ఆటోఇమ్యూన్ జబ్బుల డాక్టరు) చెప్పండి. గర్భం ఆలోచన ఉంటే ఇంకా ముందే చెప్పాలి, దయచేసి వాయిదా వేయకండి: ఈ యాంటీబాడీలు మాయ (ప్లాసెంటా) దాటి వెళ్తాయి, బిడ్డకు హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్ సంకేతాలకు అడ్డంకి) వచ్చే అవకాశం సుమారు 2 శాతం, ఎక్కువగా 18–24 వారాల మధ్య. ఆ ముప్పు తగ్గించడానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు గురించి అప్పుడే అడగండి.