మన తీరంలో పగడపు దిబ్బలు ఎందుకు పెరగవు?

పాఠకుల ప్రశ్నలు – సముద్ర విజ్ఞానం

ప్రశ్న: అండమాన్ దీవులకూ మనకూ ఉన్నది ఒకే బంగాళాఖాతం. అక్కడ పగడపు దిబ్బలు ఉన్నాయి, బారువలో గాని కళింగపట్నంలో గాని ఒక్కటీ లేదు. మన సముద్రాన్ని మనమే పాడుచేసుకోవడం వల్ల ఇలా జరిగిందా?
– డిగ్రీ విద్యార్థిని, సోంపేట

జవాబు: ఈ ఒక్క విషయంలో మనుషుల తప్పేమీ లేదు. ఇక్కడి నీటి స్వభావమే పగడపు దిబ్బలకు సరిపడదు.

దిబ్బను కట్టే పగడం వేలాది చిన్న జీవులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని సున్నపు గూడు కట్టుకుంటూ పోయే సమూహం. ఆ జీవుల ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు, అంటే కంటికి కనిపించని నాచు కణాలు, కాపురముంటాయి. అవి ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకొని, అందులో ఎక్కువ భాగాన్ని తమకు చోటిచ్చిన పగడానికే అందిస్తాయి. కాబట్టి దిబ్బ పెరగాలంటే వెలుతురు అడుగుదాకా దిగే తేటనీరు, ఏడాది పొడవునా పెద్దగా మారని ఉప్పదనం, 18 డిగ్రీల కంటే తగ్గని వెచ్చదనం, పిల్ల పగడం అంటుకోవడానికి గట్టి నేల కావాలి. వెచ్చదనానికి మన దగ్గర లోటు లేదు. చిక్కంతా ఉప్పుతోనూ ఒండుతోనూ వచ్చింది.

వానాకాలంలో వంశధార, నాగావళి, మహేంద్రతనయ ఎర్రనీటితో సముద్రంలో కలవడం మీరు చూసే ఉంటారు. అయితే మన నదుల వాటా చిన్నదే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి పోసే మంచినీరు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. వానలు వెనుకపట్టాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తీరాన్ని ఆనుకొని ఉత్తరం నుంచి దక్షిణానికి పారే ప్రవాహం ఆ నీటిని ఇచ్ఛాపురం మీదుగా మన ఒడ్డు వెంబడి నడిపించుకువస్తుంది. మహాసముద్రంలో కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఆ నెలల్లో మన తీరపు పైనీటిలో అది 30 గ్రాముల దిగువకు కూడా జారుతుంది. దానికి తోడు నీటిలోని ఒండు వెలుతురును అడ్డుకుంటుంది, పగడం మీద పేరుకుంటుంది. దానిని జిగురుతో కడుక్కోవడానికే ఆ జీవి తన శక్తిని ఖర్చుచేయవలసి వస్తుంది. అండమాన్ దీవులు ఈ పెద్ద నదులకు దూరంగా ఉన్నాయి, చాలాచోట్ల రాతి అంచులతో తేటనీటిలో నిలిచి ఉన్నాయి. తేడా అక్కడే ఉంది.

గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలో నీరు మట్టిగానే ఉన్నా దిబ్బలు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ పెద్ద నదుల మంచినీరు కలవదు, ఉప్పు తగ్గదు, బలమైన ఆటుపోట్లు ఒండును ఒకచోట నిలవనివ్వవు, కింద రాతినేల ఉంది. అయినా అక్కడ నిలదొక్కుకున్నవి మొండి జాతులే. అండమాన్‌లోని వైవిధ్యం అక్కడ కనిపించదు.

పగడాలు లేవని మన సముద్రాన్ని తక్కువగా చూసేవారితో నేను ఏకీభవించలేను. పగడాలను దూరంగా ఉంచే ఆ నదీజలమే ఇక్కడి ప్లవకాలకు, అంటే నీటిలో తేలుతూ బతికే సూక్ష్మజీవులకు, ఎరువు. మార్చి నుంచి మే వరకు తీరం వెంబడి వీచే నైరుతి గాలులకు పైనీరు లోపలికి జరిగి, అడుగునున్న పోషకాల నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా సముద్రశాస్త్రవేత్త లాఫాండ్ విశాఖ తీరంలో దీనిని పరిశీలించి వివరించారు. కవళ్లు, కానాగంతలు గుంపులుగా రావడానికీ, నదులు కలిసే చోట రొయ్య పిల్లలు ఎదగడానికీ ఆధారం ఈ పోషకాలే.

ప్రశ్న: చింతపల్లి ఎదుట సముద్రంలోని రాళ్ల దగ్గర మా వలకు రంధ్రాలున్న తెల్లని రాయి చిక్కింది. అది పగడమేనా?
– మత్స్యకారుడు, పూసపాటిరేగ మండలం

జవాబు: ఎండలో పెట్టి ఒక్కొక్క రంధ్రంలోకీ చూడండి. అంచు నుంచి నడిమికి చక్రపు ఆకుల్లా పలుచని సున్నపు గోడలు వెళ్తుంటే అది పగడపు గూడే. గోడలేమీ లేకుండా నున్నటి శంకువులు పక్కపక్కనే అతుక్కొని ఉంటే, పడవ అడుగున పట్టే జీవుల పెంకులు అయి ఉంటాయి. మెలికలు తిరిగిన గొట్టాలైతే ఒక రకం పురుగులు కట్టుకున్నవి.

పగడమే అయినా ఆశ్చర్యం లేదు. మైదానంలో అక్కడొక చెట్టు ఉన్నంత మాత్రాన అది అడవి కానట్టే, రాళ్ల మీద అక్కడక్కడ బతికే పగడాలు ఉన్నంత మాత్రాన అది దిబ్బ కాదు. విశాఖకు దక్షిణాన పూడిమడక దగ్గరి నీటి అడుగు రాళ్ల మీద కూడా ఇలాంటివి కనిపించాయి. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక వాటిని పెకలించడం, అమ్మడం నేరం. వలకు వచ్చినదాన్ని తిరిగి నీటిలోనే వదిలేయండి.

ప్రశ్న: పగడాలు తెల్లబడుతున్నాయని వార్తల్లో చదివాను. అంటే చనిపోయినట్టేనా?
– ఉపాధ్యాయుడు, ఇచ్ఛాపురం

జవాబు: వెంటనే కాదు. మామూలు వేసవి గరిష్ఠం కంటే నీరు ఒక డిగ్రీ మేర ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తన ఒంట్లోని శైవలాలను బయటకు నెట్టేస్తుంది. రంగు వాటిదే కాబట్టి లోపలి తెల్లని గూడు బయటపడుతుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. మన దేశపు దిబ్బలు 1998, 2010, 2016 సంవత్సరాల్లో ఈ దెబ్బ తిన్నాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి తెల్లబడుతున్నట్టు 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ప్రశ్న: మా ఊరి ఎదుట సముద్రంలో సిమెంటు దిమ్మలు దింపితే పగడాలు పెరుగుతాయా?
– మత్స్యకార సహకార సంఘం సభ్యుడు, సంతబొమ్మాళి మండలం

జవాబు: పగడపు దిబ్బ అయితే ఏర్పడదు, పైన చెప్పిన ఉప్పు, ఒండు సమస్యలను సిమెంటు తీర్చలేదు. కాని దిమ్మల మీద నాచు, ఆల్చిప్పలు, స్పంజికలు పడతాయి, వాటి కోసం చేపలు చేరతాయి. మెత్తని బురదనేల మీద వేస్తే దిమ్మలు కూరుకుపోతాయి, కాబట్టి గట్టి ఇసుకనేల ఉన్న చోటునే ఎంచాలి. వాటిలో వలలు చిక్కుకొని మిగిలిపోతే చేపలు అనవసరంగా చస్తాయి కనుక అక్కడ గేలపు వేట మాత్రమే చేయాలని సంఘం ముందే తీర్మానించుకోవడం మంచిది. చేరిన చేపనంతా ఒకేసారి పట్టేస్తే దిమ్మలు వేసిన ఫలం ఉండదు. స్థలం ఎంపికకు విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రాన్నీ, మీ జిల్లా మత్స్యశాఖనూ సంప్రదించండి. అడుగునేల ఎలాంటిదో పరీక్షించకుండా ఒక్క దిమ్మ కూడా దింపవద్దు.