ఆవుల, పిల్లుల మెదడు జబ్బుల మీద నిఘా: అదీ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా పాప పలమనేరులో ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. పశువులకు, పిల్లులకు వచ్చే మెదడు జబ్బులను కనిపెట్టే పని చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం ఉంటుందా? ప్రమాదం కాదా?

జవాబు: ఉంటుందండీ, కాకపోతే ఆ పేరుతో విడిగా డిగ్రీ లేదు. ముందు బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ చదవాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మీకు దగ్గర్లోనే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఉంది, 1955 నాటిది. 15 శాతం అఖిల భారత కోటా సీట్లు నీట్ ర్యాంకు మీద ఇస్తారు. మిగతా సీట్లకు ఎస్వీ పశువైద్య విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఇచ్చే నోటిఫికేషనే ప్రమాణం.

తర్వాత రెండేళ్ల ఎంవీఎస్సీ, అంటే పశువైద్యంలో పీజీ. ఎన్ని శాంపిళ్లు తీస్తే ఒక జబ్బు లేదని చెప్పగలం అన్న లెక్కలు ఇష్టమైతే ఎపిడెమియాలజీ (జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం) తీసుకోవచ్చు. మెదడునే చూడాలన్న పట్టుదల ఉంటే మాత్రం పాథాలజీకే (జబ్బు వల్ల శరీర భాగాల్లో వచ్చే మార్పులను పరీక్షించే శాస్త్రం) నా ఓటు.

పాప మ్యాడ్ కౌ అనే ఆవుల మెదడు జబ్బు గురించి చదివి ఉంటుంది. అది 1986లో బ్రిటన్ ఆవుల్లో బయటపడింది, 1990లో అక్కడి పెంపుడు పిల్లిలోనూ కనిపించింది. మన దేశంలో ఇంతవరకూ నమోదు కాలేదు. ఆ మాట నిలబడాలంటే నరాల లక్షణాలతో చనిపోయిన పెద్ద పశువుల మెదళ్లు పరీక్షిస్తూనే ఉండాలి. దానికి భోపాల్‌లో హై సెక్యూరిటీ ల్యాబ్ ఉంది. చిత్తూరు పల్లెల్లో ఆమెకు ఎక్కువగా ఎదురయ్యేది రేబిసే.

పనిలో సగం శాంపిల్ తీయడమే. తల వేరు చేశాక, పుర్రె వెనక వెన్నుపాము దిగే రంధ్రంలోంచి పొడవాటి సన్న చెంచా దూర్చి, చుట్టూ నరాలు తెంపుతూ మెదడు కాండాన్ని (మెదడు వెన్నుపాముతో కలిసే భాగం) బయటికి లాగుతారు. అందులో వీ ఆకారంలో ఉండే ఓబెక్స్ అనే చోటు నలిగితే మ్యాడ్ కౌ పరీక్షకు ఆ శాంపిల్ దండగ. ముక్క అంతా ఫార్మలిన్‌లో (కణజాలం కుళ్లకుండా ఉంచే మందు నీళ్లు) వేసేస్తే రేబిస్‌కు మామూలుగా చేసే ఫ్లోరసెంట్ పరీక్ష (వెలిగే రంగుతో వైరస్‌ను పట్టేది) కుదరదు. అంతా ఫ్రీజర్‌లో పెడితే మంచు పలుకులు కణజాలాన్ని చీల్చేస్తాయి, మైక్రోస్కోపులో ఏమీ తేలదు. అందుకే రెండు భాగాలు చేస్తారు: ఒకటి ఐస్ మీద తాజాగా, రెండోది దానికి పదింతలు 10 శాతం ఫార్మలిన్‌లో.

ప్రమాదం మాట నిజమే, అది ల్యాబ్ కంటే దొడ్డిలోనే ఎక్కువ. ఆవు జొల్లు కారుస్తూ మింగలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టేస్తారు. రేబిస్ కావచ్చన్న అనుమానమే రాదు. గ్లవ్స్ లేకుండా ఆ పని చేయకూడదని పాపకు ఇప్పుడే చెప్పండి. కాలేజీలో చేరగానే ముందుజాగ్రత్త రేబిస్ టీకా వేయించండి: మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. తర్వాత రక్తపరీక్షలో యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకూడదు. టీకా ఉన్నా, కరిచినా జొల్లు గాయానికి తగిలినా వెంటనే 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడుక్కుని, ఆ రోజు, 3వ రోజు మళ్లీ డోసులు వేయించుకోవాలి.