రాయి మీద లంగరు లేదు

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. ఆ సమాధిలోని మనిషి గురించి రాసి నువ్వు పంపిన పదిహేను పేజీలూ, సమాధి రాయి ఫోటోలూ అందాయి. రెండుసార్లు చదివాను. సౌతాంప్టన్ దాకా చదువుకోవడానికి వెళ్లి, సెలవు రోజుల్లో సమాధుల మధ్య తిరిగే పిల్లని నిన్నొక్కదాన్నే చూశాను. మీ అమ్మకి చెప్పనులే.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘ఈ నావికుడు 1942 ఆగస్టు 19న రెస్క్యూ బోటు మీద ప్రాణాలు వదిలాడు’ అని మొదలుపెట్టావు. ఆ ఫోటో ఒకసారి పెద్దది చేసి చూడు. రాయి మీద చెక్కింది లంగరు కాదు. కిరీటం కింద రెక్కలు చాచిన పక్షి. బ్రిటిష్ నేవీ మనిషైతే రాతి మీద లంగరు ఉంటుంది. పక్షి ఉందంటే అతను రాయల్ ఎయిర్ ఫోర్స్ మనిషి. పని చేసింది సముద్రం మీద, పోయింది సముద్రం మీద, అయినా కాగితాల్లో అతను ఎయిర్‌మన్. నేవీ జాబితాలన్నీ గాలించినా పేరు దొరకలేదని వాపోయావే, ఇదీ సంగతి. నువ్వు తెరిచిన బీరువా వేరు.

విమానాల వాళ్లకి పడవలతో ఏం పని అని ఎవరికైనా అనిపిస్తుంది. నీటి మీద దిగే విమానాలు ఉన్న రోజులవి కాబట్టి 1918 నుంచే వాళ్లకి సొంత పడవలున్నాయి. 1940 వేసవిలో ఇంగ్లిష్ చానెల్ మీద పోరాడిన పైలట్లు చాలామంది పారాచూట్‌తో క్షేమంగా నీళ్లలో దిగి కూడా, తీసేవాళ్లు లేక పోయారు. ఆ దెబ్బతో 1941 మొదట్లో ఎయిర్ సీ రెస్క్యూకి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. దాని ముఖ్యమైన పనిముట్టు ‘హై స్పీడ్ లాంచ్’. మన గోదావరి మీద తిరిగే లాంచీ మాట కూడా అక్కణ్నుంచి వచ్చిందే, కానీ వేగంలో పోలికే లేదు. అరవై మూడు అడుగుల చెక్క పడవ, 500 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజన్లు మూడు, గంటకి అరవై కిలోమీటర్లు దాటిన పరుగు. నువ్వుండే ఊరికి ఎదురుగా, నీటికి ఆవలి గట్టున ఉన్న హైత్‌లోనే వాటిని కట్టారు.

వీటికి పేర్లుండవు, నంబర్లే. ఇక్కడ ఇంకో గోతిలో పడేవాళ్లున్నారు. నేవీకి కూడా రెస్క్యూ మోటార్ లాంచీలుండేవి. 112 అడుగుల ఫెయిర్‌మైల్ రకం పడవలు, అవీ చెక్కవే, అవీ నంబర్లవే. నంబరు ముందు ఏ అక్షరాలున్నాయో చూడకుండా నంబరు ఒక్కటే పట్టుకుని పోతే, ఒకరి పడవలో ఇంకొకరిని చంపేస్తావు.

ఇక నీ ఐదో పేజీ. అతను డెక్ మీద నిలబడి, మబ్బుల్లోంచి దూసుకొచ్చే జర్మన్ విమానాన్ని చూసి, అమ్మని తలుచుకున్నాడని రాశావు. చాలా బాగా రాశావు. కొట్టెయ్. అతను డెక్ మీద ఉన్నాడని నీకెవరు చెప్పారు? ఆ లాంచీలో నడిపించే ఆఫీసరు, సరంగు, డెక్ మనుషులు, వైర్‌లెస్ వాడు, మందులిచ్చే ఆర్డర్లీ, ఇంజన్ చూసే ఫిట్టర్లు, ఇంతమంది ఉంటారు. అతను ఫిట్టరైతే మూడు ఇంజన్ల హోరులో పైన విమానం వచ్చిందన్న సంగతే తెలియదు. ఆకాశం కనపడదు. చెక్క చీలిక్కీ పెట్రోల్ వాసనకీ మధ్య ఎంత టైముందో. ఆర్డర్లీ అయితే ఎవరి గాయానికో కట్టు కడుతూ ఉండొచ్చు. అందుకని ముందు అతని ట్రేడ్ ఏమిటో తెలుసుకో. చావు సంగతి తర్వాత.

లండన్‌లో క్యూ అనే పేటలో నేషనల్ ఆర్కైవ్స్ ఉందిగా, అక్కడ ఎయిర్ 29 అనే వరసలో ఈ మెరైన్ యూనిట్ల దినచర్య పుస్తకాలున్నాయి. ఆగస్టు 19 పేజీకి ఎగబడకు. ఆ రోజు ఫ్రాన్స్ తీరంలో జర్మన్ల చేతిలో ఉన్న డియెప్ రేవు మీద దాడి జరిగింది. దాదాపు ఐదువేల మంది కెనడా సైనికుల్ని ఆ ఒడ్డు మీదికి పంపారు, పైన విమానాల యుద్ధం, కింద మన లాంచీలు. వాటిని జర్మన్ ఫైటర్లు తగలబెట్టాయి. ఇంత జరిగినా పుస్తకంలో రెండు మూడు పంక్తులే ఉండొచ్చు, నిరాశపడకు. ఏప్రిల్ నుంచి చదువుకుంటూ రా. వాతావరణం. ఇంజన్ రిపేరు. చెప్పిన చోటికి వెళ్లి సాయంత్రం దాకా అలల మీద ఊగుతూ నిలబడి, ఎవరూ దొరక్క తిరిగి రావడం. మళ్లీ అదే. అతని ఉద్యోగం అది. కాల్పులు ఒక్క పూట.

గడియారం సంగతి కూడా. యుద్ధంలో బ్రిటన్ వేసవికి గడియారాన్ని రెండు గంటలు ముందుకి జరిపేది. 1942లో అది ఆగస్టు 9తో అయిపోయింది. అంటే డియెప్ నాటికి బ్రిటన్ గ్రీనిచ్ టైముకి గంట ముందు, జర్మనీ రెండు గంటలు ముందు. ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, ‘గంట తేడా వచ్చింది, ఎవరో అబద్ధమాడుతున్నారు’ అని రాసెయ్యకు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. కుర్రతనంలో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డ 1942 ఏప్రిల్ 6 గురించి కథ రాశాను. చీకటి, సైరన్లు, వెన్నెల్లో మెరిసే విమానాలు, అన్నీ పెట్టాను. అచ్చయిన పదిరోజులకి వన్ టౌన్ నుంచి ఒక పెద్దాయన కార్డు రాశాడు: ‘బాబూ, అది పట్టపగలు. నేను బడిపిల్లాణ్ని, చూశాను.’ ఆ కథ తర్వాత ఏ సంపుటిలోనూ వేసుకోలేదు.

లారెన్స్ గురించి నాలుగు పేజీలు రాశావు. అరేబియా లారెన్సే, నిజమే. మారుపేరుతో ఎయిర్ ఫోర్స్‌లో మామూలు సిపాయిగా ఉండి, 1931లో ప్లిమత్ దగ్గర విమానం నీళ్లలో కూలడం చూసి, వేగమైన పడవల కోసం పట్టుబట్టి, హైత్‌లో పడవల కార్ఖానా యజమాని స్కాట్-పేన్‌తో కలిసి పనిచేశాడు. ఒక్క పేరా చాలు. పేరున్నవాణ్ని ఇంట్లోకి రానిస్తే కుర్చీ వదలడు, మనవాడు అరుగు మీదే కూర్చోవాలి.

కుటుంబంవాళ్లు దొరికితే ముందు ఉత్తరం రాయి, ఫోన్ చెయ్యకు. వాళ్లిచ్చే కాగితాల్లో ఏది అచ్చెయ్యొచ్చో వాళ్లనే అడుగు. వద్దంటే వద్దు.

పోర్ట్స్‌మత్‌లో 102 నంబరు లాంచీ ఉంది. 1936 నాటిది, 1941లో మనుషుల్ని నీళ్లలోంచి తీసింది, తర్వాత ఎవరో దాన్ని ఇల్లుగా వాడుకున్నారు, 1996కి మళ్లీ బాగుచేసి నీళ్లలో దింపారు. నీ పడవ కంటే కొంచెం పాత రకం, అయినా వెళ్లి చూడు. కుదిరితే లోపలికి దిగి, ఇంజన్ల దగ్గర ఒక మనిషి నిలబడితే తల ఎక్కడికి తగులుతుందో కొలుచుకుని రా. ఆ కొలత, అతని ట్రేడ్, ఈ రెండూ నాకు రాసి పంపు. మొదటి వాక్యం అప్పుడు చూద్దాం.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నువ్వు మాత్రం గాలిలో తిరిగేటప్పుడు స్వెటర్ వేసుకో.

మీ
మామయ్య