స్లాబు కారుతోంది, ఎఫ్‌డీ తీసి రేకుల షెడ్డు వెయ్యమంటారా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. పదిహేనేళ్ల నాటి స్లాబు ఇల్లు, 1,200 చదరపు అడుగులు. ఏటా మే నెల గాలివానలకు హాల్లో ఫ్యాను పక్కన కారుతుంది, పిట్టగోడ వారగా గోడలు చెమ్మెక్కుతాయి. మొన్న వీధిలో నీళ్లు గుమ్మం దాకా వచ్చాయి. స్లాబు మీద రేకుల షెడ్డుకు 2.10 లక్షలు, వాటర్‌ప్రూఫ్ పూతకు అడుగుకు 38 రూపాయలు చెప్పారు. జీతం 42,000. ఇంటి లోను ఈఎంఐ 11,500, ఇంటి ఖర్చు 22,000. ఎఫ్‌డీ 1.80 లక్షలు, సేవింగ్స్‌లో 40,000 ఉన్నాయి. ఎఫ్‌డీ తీసేసి, తక్కువపడ్డది బంగారం కుదువపెట్టి షెడ్డు వేయించనా? ఇన్సూరెన్స్ చేయిస్తే కారే స్లాబుకు డబ్బులొస్తాయా?

జవాబు: షెడ్డు ఇప్పుడు వద్దండి. ఎఫ్‌డీ కదపకండి. ఈఎంఐతో కలిపి మీకు నెలకు 33,500 కావాలి. అంటే మీ ఎఫ్‌డీ అయిదు నెలల బతుకు. మీ ప్రాంతంలో మే గాలివానతో ఏడాది గండం తీరిపోదు. జులై, ఆగస్టుల్లో గోదావరి వరద, అక్టోబరు, నవంబరుల్లో తుపాను ఉండనే ఉంటాయి. 1996 నవంబరు తుపాను మీ కోనసీమను ఎలా తుడిచిపెట్టిందో మీకు చెప్పక్కర్లేదు. ముందు ఇన్ని ఉండగా మే నెలలోనే చేతిలో డబ్బంతా రేకులకు పోస్తే, అసలు అవసరం వచ్చేసరికి బంగారం కూడా బ్యాంకులో ఉంటుంది.

పైగా షెడ్డు స్తంభాల కోసం స్లాబుకు బోల్టులు దిగ్గొడతారు. సరిగ్గా మూయకపోతే ప్రతి బోల్టూ ఒక కొత్త కారుడే. కోస్తా ఆంధ్రలో కట్టడాల డిజైనుకు తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. ఊళ్లో వేసే మామూలు షెడ్లు ఈ లెక్కకు నిలవవు. ఎగిరిన రేకు పక్కింటివాళ్ల మీద పడితే అది వేరే ఖర్చు.

ముందు నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. మీ స్లాబు 111 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే దాని మీద 5,500 లీటర్ల పైమాటే. ఆ జోరుకు ఒక 4 అంగుళాల పైపు 85 చదరపు మీటర్ల నీళ్లే లాగగలదు, 2 అంగుళాలది 13 చదరపు మీటర్లవి మాత్రమే. మీకు ఎన్ని తూములున్నాయో, ఎంత లావో మేడెక్కి చూడండి. రెండంగుళాలవి రెండో మూడో ఉంటే కారణం సగం దొరికినట్టే: నీళ్లు నిలబడి పగులు వెతుక్కుంటున్నాయి. 4 అంగుళాలవి మూడు ఉంటే గంటకు 10 సెంటీమీటర్ల వాననూ ఇంచుమించు తట్టుకుంటాయి. కొబ్బరి చెట్లున్న ఇంట్లో పూత, పిందెలు, ఈనెలు కలిసి తూము మూతిలో ముద్ద కడతాయి. గుమ్మటంలా పైకి ఉబ్బిన జాలీ పెట్టించండి, బల్లపరుపు జాలీ ఒక్క మట్టతోనే మూసుకుపోతుంది.

ఫ్యాను పక్కన కారుతోందని సరిగ్గా దాని పైన పూత రాస్తే లాభం లేదు. నీళ్లు స్లాబులోని కరెంటు పైపులో ఎక్కడో దిగి, ఫ్యాను పెట్టె దగ్గర బయటపడతాయి. అక్కడ కారుతున్నంతసేపూ ఆ గది ఎంసీబీ (కరెంటు బోర్డులోని ట్రిప్పు స్విచ్చు) దించే ఉంచండి. ఇన్వర్టర్ ఉంటే ఆ లైను కూడా. అసలు దారి తెలియాలంటే తూములు గుడ్డ, ఇసుక సంచులతో బిగించి, ఎండ రోజుల్లో అంగుళం లోతు నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. సగం స్లాబుకు ఒకసారి, మిగతా సగానికి ఇంకోసారి చేస్తే ఎటువైపో తెలిసిపోతుంది. సీలింగులో పెచ్చులూడి తుప్పుపట్టిన ఊచలు కనిపిస్తుంటే మాత్రం నీళ్లు నిలపకండి, ముందు ఇంజినీరుకు చూపించండి.

పగుళ్లను పైపైన సిమెంటు పాలతో పూస్తే వచ్చే వేసవికి మళ్లీ విచ్చుకుంటాయి. సెంటీమీటరు లోతున వి ఆకారంలో చెక్కి, దుమ్ము ఊది, పాలిమర్ కలిపిన మోర్టారు (సిమెంటు, ఇసుక ముద్ద) దట్టించాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను అదే మోర్టారుతో గుండ్రంగా తిప్పాలి. మీ గోడల చెమ్మకు నా అనుమానం ఆ మూల మీదే. తుప్పు ఊచలను వైరు బ్రష్షుతో గీకి, తుప్పు నిరోధక ప్రైమరు వేయకుండా పైన పూత వేయించకండి. తుప్పు ఉబ్బి మళ్లీ పెచ్చులు లేపుతుంది, ఉప్పుగాలి తగిలే మీ వైపు ఇంకా త్వరగా.

ఇదంతా 15,000 లోపు ముగించమని మేస్త్రికి చెప్పండి, సేవింగ్స్ నుంచే ఇవ్వండి. తర్వాత మళ్లీ నీళ్లు నిలిపి చూడండి. ఇంకా కారితేనే మొత్తం పూత: 1,200 అడుగులకు 45,600. దానికి ఎఫ్‌డీ మీదే లోను తీసుకోండి, సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒక శాతం ఎక్కువ పడుతుంది. నెలకు మీకు మిగిలే 8,500లో 8,000 కడితే ఆరు నెలల్లో తీరిపోతుంది. బంగారం ఇంట్లోనే ఉంటుంది. పూత మాత్రం స్లాబు పూర్తిగా ఆరాకే, రెండు పొరలుగా.

వీధి నీళ్ల సంగతి వేరు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు లేచి ఇల్లు పల్లమవుతుంది. బుసక (ఇసుక మట్టి) తోలిస్తే మొదటి జోరు వానకే కొట్టుకుపోతుంది. గ్రావెల్ వేసి దిమ్మిసా కొట్టించి, గోడ నుంచి ఆరడుగులకు అంగుళంన్నర వాలు ఇవ్వండి. మెరక మాత్రం ఇంటి గచ్చుకు అరడుగు కిందే ఆగాలి, లేకపోతే చెమ్మ గోడలకెక్కుతుంది. వెనకవైపు తూము వీధి మురుగులో కలుస్తుంటే నీళ్లు వెనక్కి తన్నకుండా నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. మురుగు బోదెలో గుర్రపుడెక్క తీయించడం వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసిన రోజుల్లోనే తేలిక.

ఇక ఇన్సూరెన్స్. ఏళ్ల తరబడి నెమ్మదిగా దిగే చెమ్మకు, పాతబడ్డ స్లాబు రిపేరుకు ఏ పాలసీ డబ్బివ్వదు. గాలివాన, తుపాను, వరద ముంపు, పిడుగు, ట్యాంకు లేదా పైపు పగలడం వంటివాటికి ఇస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీ మీకు సరిపోతుంది. స్థలం విలువ కలపకండి, కట్టుబడి ఖర్చే లెక్క. కార్పెట్ ఏరియా (గోడలు పోను లోపలి నేల) 1,000 అడుగులు, మీ వైపు రేటు 2,000 అనుకుంటే 20 లక్షలు. ఇంట్లో సామానుకు దానిలో 20 శాతం, అంటే 4 లక్షలు, చిట్టా ఇవ్వకుండానే కలిసి వస్తుంది. పరిమితి 10 లక్షలు. బంగారం లాంటి విలువైనవాటికి విడిగా కవర్ తీసుకోవాలి, నగదుకు రాదు. పెరట్లో కొబ్బరాకు వంటపాక ఉంటే పాలసీ కొనేటప్పుడు ఇచ్చే ప్రపోజల్ ఫారంలోనే రాయండి.

నష్టం చూడటానికి కంపెనీ పంపే సర్వేయరు మొదట అడిగేది ఇది పాత చెమ్మా, నిన్నటి వానా అని. అందుకే రిపేరు బిల్లులు, రిపేరు తర్వాత సీలింగు ఫొటోలు తేదీతో దాచండి. నష్టం జరిగితే నీళ్లు తోడేముందే ఫొటోలు తీసి, వెంటనే కంపెనీకి చెప్పండి. క్లెయిము ఫారానికి గడువు 30 రోజులు. తడిసిన పరుపులు, బీరువా సర్వేయరు చూసేదాకా పారేయకండి. నీళ్లు ఇంకా లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పడం మాత్రం మీ బాధ్యతే, ఆ బిల్లు కూడా దాచండి.

కొత్త పాలసీ కొనేముందు మీ లోను ఇచ్చిన బ్రాంచికి ఒకసారి వెళ్లండి. లోనుతో పాటు ఇన్సూరెన్స్ చేశామని చెప్పి ఉంటారు. చాలాసార్లు అది ఇంటి మీద కాదు, లోను తీసుకున్నవాళ్ల ప్రాణం మీద. ఇంటి మీదే అయితే పాలసీ కాపీ అడిగి, మొత్తం కట్టుబడి విలువకు ఉందా, మిగిలిన లోనుకే ఉందా, సామాను కలిసిందా, గడువు ఎప్పటిదాకా అన్న నాలుగూ చూసుకోండి.