ఐదో పాదం కొట్టెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కవిత అందింది. మొగుడూ పెళ్లాం మూడు పాదాల్లో పోట్లాడుకున్నారు, నాలుగో పాదంలో అతను కాఫీ కలిపి ఇచ్చాడు, ఐదో పాదంలో ఆవిడ నవ్వేసింది. అంత తేలిగ్గా ఎవరింట్లో నవ్వుతార్రా? మా ఇంట్లో అయితే మూడు రోజులు "మీ నాన్నని అన్నానికి రమ్మను" అని పిల్లాడి చేత కబుర్లే.

ఒకసారి శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన రాసిన పారిజాతాపహరణం కావ్యంలో మొదటి ఆశ్వాసం చదువు. నారదుడు తెచ్చిన పారిజాతం పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. చెలికత్తె వచ్చి ఆ మాట చెప్పగానే సత్యభామ దెబ్బతిన్న ఆడపాములా లేచింది. పువ్వు వంకతో ఆవిడ అడుగుతున్నది ఈ ఇంట్లో తన చోటెక్కడా అని.

కృష్ణుడు వచ్చి కాళ్ల మీద పడ్డాడు. తిమ్మన పనితనం అక్కడ చూడాలి. బ్రహ్మ, ఇంద్రుడు పూజించే తల, మన్మథుణ్ణి కన్నతండ్రి తల అని గొప్పలన్నీ ఏకరువు పెట్టి, అప్పుడు ఎడమకాలితో తోయిస్తాడు! తన్ను తిన్నవాడేమో "నను భవదీయ దాసుని" అంటూ, నువ్వు తన్నినా నాకు మన్ననే, నా ఒంటి పులకలు ముళ్లలా గుచ్చుకుని నీ చిగురు పాదం నొచ్చిందేమో అంటాడు.

నువ్వైతే అక్కడ ఆపేసేవాడివి. నాకు ఆ మాట మీద ఎప్పుడూ కాస్త అనుమానమే, మరీ తియ్యగా ఉంది. సత్యకీ అలాగే తోచిందేమో, కరగలేదు. అతన్ని దెప్పింది. ఆ తర్వాత కొంగు మొహాన కప్పుకుని, చిగుళ్లు తిన్న కోకిల గొంతుతో ఏడ్చింది. అతను కాళ్ల మీద పడ్డాక వచ్చిన ఏడుపు అది! చెట్టే తెచ్చిస్తానన్నాక గానీ ఆవిడ తేరుకోలేదు.

రాయలవారి పటం వైపు కాళ్లు పెట్టి పడుకుందని రాణి తిరుమలదేవి మీద రాజుకు కోపం వస్తే, అది పోగొట్టడానికే తిమ్మన ఈ కావ్యం రాశాడని ఒక కథ చెబుతారు. కట్టుకథే అనుకో, కట్టినవాడికి మాత్రం కావ్యం బాగా ఒంటబట్టింది.

నీ కవితలో కాఫీ ఉండనీ, అతనే కలపనీ. ఆవిడ ముట్టుకోకుండా, చల్లారి పైన మీగడ కట్టేదాకా ఆ కప్పు అక్కడే ఉంచు. తిరగరాసి పంపు.