టీమ్‌లో రోజూ గొడవలే, ఒకరిని మార్చేయమంటున్నారు. ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఎనిమిది మందితో కొత్త టీమ్. మొదటి నెల హాయిగా గడిచింది. మూడో నెలకి ఇద్దరికి పడటం లేదు, మిగతావాళ్లు చెరో పక్క చేరారు. మేనేజరేమో ఇద్దరిలో ఒకరిని వేరే టీమ్‌కి పంపేయమంటున్నారు. నేనైతే ఇప్పుడే పంపను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో (మందుల నాణ్యత పరీక్షించే చోటు) గ్రూప్ లీడర్‌గా చేశాను. కొత్త బ్లాక్ మొదలైనప్పుడు తొమ్మిది మంది ఎనలిస్టులను ఇచ్చారు, మూడు షిఫ్టులు. మొదటి నెలంతా "ముందు మీరు తినండి", "పర్లేదు సార్, నేనుంటా" అనే మాటలే. ఇంత మంచి టీమ్ ఎవరికి దొరుకుతుందని మురిసిపోయాను. అదంతా మొహమాటమని తర్వాత తెలిసింది.

గొడవ హెచ్‌పీఎల్‌సీ మెషీన్ దగ్గర మొదలైంది. తెలియనివాళ్ల కోసం: మందులో ఏది ఎంతుందో కొలిచే మెషీన్ అది. శాంపిళ్లు పెట్టి ఒకసారి నడిపితే దాన్ని రన్ అంటాం. అందులో కాలమ్ అని జానెడు స్టీలు గొట్టం ఉంటుంది. దాన్లోంచి బఫర్ పోతుంది, అంటే ఉప్పు కలిసిన ద్రావణం. పనయ్యాక నీళ్లతో, ఆ తర్వాత మెథనాల్‌తో కడగాలి. కడక్కుండా వదిలేస్తే ఉప్పు లోపలే పేరుకుని ప్రెషర్ పెరిగిపోతుంది, కాలమ్ పాడవుతుంది.

ఒకరోజు పొద్దున ఆరింటికి 'ఏ' షిఫ్టుకి, అంటే పొద్దుటి షిఫ్టుకి వచ్చిన అమ్మాయి మెషీన్ ఆన్ చేయగానే ప్రెషర్ అలారం. నైట్‌లో ఉన్నది విశాఖ దగ్గరి పరవాడ నుంచి వచ్చిన సీనియర్, ఎనిమిదేళ్ల అనుభవం. ఆయన ఇంకా గేటు దాటలేదు. "నైట్ల ఉన్నది మీరే గద సార్, చూస్కోవాలె గద" అని ఈమె. "ఏటమ్మా, ఆ రన్ ఎట్టింది నేనా? బీ షిఫ్టోళ్లు ఎట్టేసి ఎల్లిపోతే నేనెందుకు కడగాల?" అని ఆయన. వారం తిరిగేసరికి అది "ఆంధ్రావాళ్లు ఇంతే", "ఇక్కడివాళ్లకి పొగరు" దాకా పోయింది.

నేను చేసిన తప్పు: ఇద్దర్నీ రూమ్‌లోకి పిలిచి "మళ్లీ ఇలాంటివి నా చెవిన పడకూడదు" అన్నాను. నిజంగానే పడలేదు. మాట్లాడుకోవడమే మానేశారు. పదిహేను రోజుల తర్వాత ఆమె రన్‌లో మొబైల్ ఫేజ్ (కాలమ్‌లోంచి పోయే ద్రావణం) అయిపోవస్తోందని ఆయన చూశాడు, చూసి చెప్పకుండా వెళ్లిపోయాడు. రన్ మధ్యలో ఆగింది. మా దగ్గర రన్ ఆగిందంటే ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి, కారణం తేల్చాలి, క్యూఏ (నాణ్యతకి పూచీ పడే విభాగం) వాళ్లకి జవాబు చెప్పుకోవాలి. అరుపులే నయమనిపించింది.

ఆ రోజుల్లోనే హెచ్‌ఆర్ వాళ్ల ట్రైనింగ్‌లో టక్‌మన్ పేరు విన్నాను. అమెరికన్ సైకాలజిస్టు. చిన్న గుంపులు నాలుగు దశల్లో నడుస్తాయని 1965లో రాశాడు: కలవడం, గొడవపడటం, కుదురుకోవడం, పని సాగడం. 1977లో జెన్సెన్‌తో కలిసి ఐదోది చేర్చాడు, విడిపోవడం. నన్నడిగితే దీన్ని మరీ వేదంలా పట్టుకోకండి. ఆయన చదివిన పరిశోధనల్లో ఎక్కువ భాగం థెరపీ గ్రూపుల మీదివి, మన షిఫ్టులూ అప్రైజళ్లూ వాటిలో లేవు. అయినా రెండో దశ రావడం లీడర్ చేతకానితనం కాదని తెలిసి నాకు టెన్షన్ తగ్గింది. అదే ట్రైనింగ్‌లో థామస్, కిల్‌మన్ల ప్రశ్నపత్రం కూడా ఇచ్చారు, ముప్ఫై జతల వాక్యాలు. గొడవొస్తే పోట్లాడతావా, సర్దుకుపోతావా, తప్పుకుంటావా అని తేలుస్తుంది. నాకు 'తప్పుకోవడం'లో అందరికన్నా ఎక్కువ మార్కులు. రూమ్‌లో నేను చేసింది కూడా అదే కదా.

తర్వాత ఎస్‌ఓపీ, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రం, తీసి చదివాను. "వాడాక కాలమ్ కడగాలి" అని ఉంది. ఒకరు పెట్టిన రన్ ఇంకొకరి షిఫ్టులో అయిపోతే ఎవరు కడగాలో లేదు! ఇద్దరూ వాళ్ల లెక్కన కరెక్టే. ఈసారి రూమ్‌లోకి పిలవలేదు. షిఫ్టు మారే టైమ్‌లో అందర్నీ మెషీన్ ముందే నిలబెట్టి, "ఎవరిది తప్పో నాకొద్దు, రేపు రాత్రి రెండింటికి రన్ అయిపోతే ఏం జరగాలో చెప్పండి" అన్నాను. దారి చెప్పింది ఆ సీనియరే: రన్ పెట్టినవాళ్లే సీక్వెన్స్ (మెషీన్ వరసగా చేసే పనుల లిస్టు) చివర వాష్ కూడా పెట్టి వెళ్లాలి, నీళ్లూ మెథనాల్ బాటిళ్లు నిండుగా ఉన్నాయో లేదో వచ్చే షిఫ్టు చూసుకోవాలి. ఆ అమ్మాయి దానికి ఒక చెక్‌లిస్టు రాసింది. ఎస్‌ఓపీ మార్పించడానికి నెల పట్టింది. పది నిమిషాల హ్యాండోవర్ మాత్రం మర్నాటి నుంచే మొదలైంది.

ఇద్దరూ స్నేహితులయ్యారా అంటే, లేదు. నేను ఆ ఉద్యోగం మానేసేదాకా క్యాంటీన్‌లో చెరో టేబులే. కానీ ప్రెషర్ పెరిగితే ఆమె ఆయనకే ఫోన్ చేసేది. ఆర్నెల్ల తర్వాత ఇద్దరు కొత్తవాళ్లు చేరితే మళ్లీ మొదటికొచ్చింది, ఈసారి తూకం వేసే బ్యాలెన్స్ దగ్గర. అది పది రోజుల్లో సర్దుకుంది.

ఒక్క సంగతి మాత్రం వేరుగా చూడండి. కులం పేరుతో తిట్టడం, ఆడవాళ్లని వేధించడం లాంటివి ఉంటే దాన్ని 'దశ' అనుకుని ఊరుకోకండి. పది మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెప్తోంది. అలాంటిది మీరు మధ్యవర్తిగా సర్దేయకూడదు.

అలాంటివేమీ లేకపోతే మేనేజర్‌ని రెండు వారాలు ఆగమనండి. వాళ్లిద్దరి చివరి మూడు గొడవలూ ఏ పని దగ్గర మొదలయ్యాయో రాసుకోండి. మూడూ ఒకే పని దగ్గరైతే, ఒకరిని పంపేశాక వచ్చే కొత్త మనిషి కూడా అక్కడే గొడవ పడతాడు. ఆ పనేమిటో ఇక్కడ రాస్తే, తోచింది చెప్తాను.